‘ఐ టోల్డ్ దట్’ అన్నందుకు 38 వేలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఎరువుల కొట్టు నడుపుతున్నాను. మా అబ్బాయికి హైదరాబాద్ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం అయిపోవస్తోంది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం. ప్లేస్‌మెంట్ల కోసం కాలేజీలో ఇచ్చే ట్రైనింగ్ (సీఆర్‌టీ)లో మాక్ ఇంటర్వ్యూ చేసి ‘సెంటెన్స్ ఫార్మేషన్ వీక్’ అని రాసిచ్చారు. ఆ కాగితం ఫొటో పంపుతున్నాను. అమీర్‌పేటలో ఒకరు యాక్సెంట్ ట్రైనింగ్‌తో కలిపి మూడు నెలలకు 38,000 అంటున్నారు. ఇంకొకరు ఆన్‌లైన్‌లో శని, ఆదివారాలు, నలుగురి బ్యాచ్, 9,000 అంటున్నారు. ఏది మేలు? ఇంగ్లీషు మీడియంలో వేయకపోవడం మా తప్పేనని నేనూ మా ఆవిడా అనుకుంటున్నాం. మొన్న పెళ్లిలో ‘మావాడికి ఇంగ్లీషు రాదు’ అంటే చుట్టాలంతా అదే అన్నారు. వాడేమో ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు.

జవాబు: ఫీజుల సంగతి తర్వాత చూద్దాం అండీ. ముందు మీరు పంపిన ఫొటో గురించి. ట్రైనర్ ఎర్ర పెన్నుతో ఐదు వాక్యాల కింద గీతలు పెట్టారు. చేతిరాత కొంచెం కష్టపెట్టింది గానీ ఐదూ చదవగలిగాను:

‘ఐ టోల్డ్ దట్ ప్రాజెక్ట్ ఈజ్ కంప్లీటెడ్.’
‘మై గైడ్ సెడ్ దట్ ఐ విల్ చెక్ ది కోడ్.’
‘ఐ థింక్ సో దట్ సెన్సార్ ఈజ్ నాట్ వర్కింగ్.’
‘ఐ సజెస్టెడ్ మై టీమ్ టు చేంజ్ ది బోర్డ్.’
‘ఐ డౌట్ ది బ్యాటరీ ఈజ్ లో.’

వీటిని చూసి ‘వీక్’ అని రాసినాయన మీద నాకు కోపం వచ్చింది. ఇవి ఐదు తప్పులు కావు. ఒకటే తప్పు ఐదు చోట్ల పడింది. మీవాడికి మాటలు వచ్చు, ప్రాజెక్టులో ఏం జరిగిందో కూడా తెలుసు. మన ‘అని’ని ఇంగ్లీషులో ఎక్కడ పెట్టాలో ఒక్కటే తెలియలేదు. అది వాడికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు.

తెలుగులో ఎదుటివాడి మాట ముందొస్తుంది, ‘అని’ తర్వాతొస్తుంది, చెప్పినవాడు ఎక్కడున్నా ఫర్వాలేదు. ‘పని అయిపోయిందని చెప్పాను.’ ఎవరితో చెప్పావని మనల్ని ఎవరూ అడగరు. ఇంగ్లీషులో ‘టోల్డ్’ అంటే మాత్రం ఎవరికో చెప్పాల్సిందే: ‘ఐ టోల్డ్ హిమ్ దట్…’ ఆ మనిషి పేరు తెచ్చే ఓపిక లేకపోతే ‘ఐ సెడ్’ అనేస్తే సరి. ‘ఎక్స్‌ప్లెయిన్’ది ఇంకో తిక్క, దానికి మధ్యలో ‘టు’ కావాలి: ‘ఐ ఎక్స్‌ప్లెయిన్డ్ టు హిమ్’. మొదటి వాక్యం అంతే, ఐదు నిమిషాల పాఠం.

రెండో వాక్యం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆ దెబ్బ నేనూ తిన్నాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్ ఇంటర్వ్యూకి వెళ్లాను. ఖాళీ ఉందని ఎలా తెలిసిందని అడిగారు. అక్కడి పెద్ద లెక్చరర్ ఒకాయన మాకు తెలిసినవారే, మేలో రిటైరవుతున్నానని ఆయనే నాతో అన్నారు. అదే ఇంగ్లీషులో చెప్పబోయి, ‘సర్ టోల్డ్ దట్ ఐ యామ్ రిటైరింగ్ ఇన్ మే’ అన్నాను. బల్ల అవతలి పెద్దాయన కళ్లద్దాలు తీసి, నా దరఖాస్తులో పుట్టిన తేదీ గడి మీద వేలు పెట్టి, నా మొహం వంక చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఉద్యోగం రాలేదు, కారణం అదేనని చెప్పలేను గానీ ఆ వేలు మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

ఏం జరిగిందంటే, ‘రిటైరవుతున్నానన్నారు’ అన్నప్పుడు ఆ ‘-ను’ నాది కాదు, ఆయనది. ‘వస్తానన్నాడు’ అనే ఒక్క ముక్కలో వాడి నోటిమాటనీ, అది విన్న మన మాటనీ కలిపి కుట్టేస్తాం. నాలుగేళ్ల పిల్లాడు కూడా తడబడకుండా అంటాడు. అదే ఇంగ్లీషులోకి దించేటప్పుడు కుట్టు విప్పి, ‘ఐ’ని ‘హి’ చేసి, ‘విల్’ని ‘వుడ్’ చేయాలి: ‘హి సెడ్ హి వుడ్ కమ్’. తెలుగు మీడియం వల్ల మీవాడికి బుర్ర తక్కువైందనుకుంటున్నారు కదా, ఇంగ్లీషువాడు ఐదు మాటల్లో తిప్పలు పడేదాన్ని వాడు చిన్నప్పటి నుంచి ఒక్క మాటలో చేస్తున్నాడు.

మిగతా మూడూ గబగబా చెప్పేస్తాను. ‘ఐ థింక్ సో’ ఎవరో అడిగినదానికి ఒప్పుకోలు. దాని వెనక ఇంకో వాక్యం రాదు. ‘సెన్సార్ పనిచేయడం లేదనుకుంటా’లో మనం ‘లేదు’ని సెన్సార్‌కి తగిలిస్తాం. ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు దాన్ని లాక్కొచ్చి థింక్‌కి తగిలిస్తారు: ‘ఐ డోంట్ థింక్ ది సెన్సార్ ఈజ్ వర్కింగ్’. ‘దట్’ ఏమైందంటారా? మాటల్లో దాన్ని చాలాసార్లు మింగేస్తారు. థింక్, సే, నో (తెలుసు) లాంటి రోజువారీ క్రియల తర్వాత అది లేకపోతేనే సహజంగా ఉంటుంది. అందుకే ‘ఐ థింక్ దట్’ అని ప్రతిసారీ ఒత్తి పలికే కుర్రాడు బట్టీ పట్టి వచ్చినట్టు వినిపిస్తాడు. ‘బోర్డు మార్చమన్నాను’ని ‘సజెస్ట్’తో చెప్పాలంటే ‘టు’ పనికిరాదు: ‘ఐ సజెస్టెడ్ దట్ వుయ్ చేంజ్ ది బోర్డ్’.

ఇక ‘డౌట్’. ‘బ్యాటరీ అయిపోయిందేమోనని డౌట్’ అంటే మన లెక్కన అయిపోయిందనే అనుమానం. ‘ఐ డౌట్ ది బ్యాటరీ ఈజ్ లో’ అంటే వాళ్ల లెక్కన అయిపోలేదనుకుంటున్నా అని. అర్థం పూర్తిగా తిరగబడుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి సపోర్ట్ ఉద్యోగంలో చేరిన రెండో వారంలోనే క్లయింట్ కాల్‌లో ‘ఐ డౌట్ ది సర్వర్ ఈజ్ డౌన్’ అంది. అవతలివాళ్లు ‘ఓకే, గుడ్’ అని ఫోన్ పెట్టేశారు. సర్వర్ నిజంగానే పడిపోయి ఉంది. ఆ అమ్మాయి ఉచ్చారణకి వంక పెట్టలేం, యాక్సెంట్ కోర్సు చేసి మరీ వెళ్లింది.

అందుకే ఆ 38,000 కోర్సు మీద నాకు గట్టి అనుమానమే ఉంది. యాక్సెంట్ ట్రైనింగ్ అనేది కాల్ సెంటర్లు ఊపు మీదున్న రోజుల్లో మొదలైన సరుకు. రాత్రంతా అమెరికావాళ్లతో ఫోన్లో మాట్లాడేవాళ్లకు దాని అవసరమేదో ఉండేది. మీవాడు చేరబోయే ఉద్యోగంలో మొదటి ఏడాదంతా పొద్దున్నే స్టేటస్ కాల్‌లో నిన్న ఏం చేశాను, టెస్టింగ్‌వాళ్లు ఏమన్నారు, నేనేం అనుకుంటున్నాను అని చెప్పడమే. అంతా ‘అని’ వ్యవహారమే. ఉద్యోగాలకు పెట్టే వెర్సంట్ అనే ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలోనూ చిన్న కథ వినిపించి, దాన్ని మీ మాటల్లో చెప్పమంటారు. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులు, అందులో ఉచ్చారణ ఒకటి. అక్కడ కూడా చూసేది మాట తేలిగ్గా అర్థమవుతోందా అని. తెలుగు యాస వినిపించిందని మార్కులు కోయరు. అలాంటప్పుడు అమెరికావాడి ‘ఆర్’ పలకడానికి మూడు నెలలు నాలుక మెలితిప్పుకోవడం దేనికి?

లెక్క కూడా చూడండి. బ్యాచ్‌కి ముప్పై మంది, గంట క్లాసు అనుకుందాం. సారు అసలు నోరు విప్పకపోయినా ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. మూడు నెలల్లో 60 క్లాసులంటే మీవాడు మాట్లాడేది మొత్తం రెండు గంటలు. గంటకు 19,000 పడుతోంది. యూరియా బస్తా ఈ లెక్కన అమ్మితే మీ కొట్టు ముందు గొడవ జరుగుతుంది.

అలాగని ఇలాంటి కోర్సులన్నీ దండగని కొట్టిపారేయలేను. స్టేజీ ఎక్కాలంటే ఒళ్లు చెమటలు పట్టే పిల్లలు కొందరు అక్కడి జామ్ రౌండ్లలో (ఇచ్చిన విషయం మీద ఒక్క నిమిషం మాట్లాడటం) నిలదొక్కుకోవడం చూశాను. వాళ్లకు దొరికింది ధైర్యం, దానికీ విలువ ఉంది. మీవాడు మాక్ ఇంటర్వ్యూలో సెన్సార్, బోర్డు, బ్యాటరీ గురించి ఇంత మాట్లాడాడంటే ఆ భయం వాడికి లేదనే నాకు అనిపిస్తోంది. ఏదో ఒకటి కట్టాల్సిందేనంటే నలుగురి బ్యాచ్‌లోనే కట్టండి. ముందు ఒక్క క్లాసు ఊరికే కూర్చోనిమ్మని అడిగి, సారు ఎక్కువ మాట్లాడుతున్నారా పిల్లలు ఎక్కువ మాట్లాడుతున్నారా చూడమనండి. పోలిక ఇంతకంటే పెంచను, అంత తేడా తెచ్చే విషయం కాదిది.

ఇప్పుడు మీ మీద ఒక ఫిర్యాదు, తప్పుగా అనుకోవద్దు. మీరేమనుకుంటున్నారో రాశారు, మీ ఆవిడ ఏమనుకుంటున్నారో రాశారు, ట్రైనర్ రాసింది, పెళ్లిలో చుట్టాలన్నది కూడా రాశారు. వాడేమన్నాడన్నది ఒక్క ముక్క లేదు. మాక్ ఇంటర్వ్యూ ఎలా జరిగిందని వాడినే అడిగారా? ఇరవై ఏళ్ల కుర్రాడి గురించి బంతిభోజనాల దగ్గర ‘మావాడికి ఇంగ్లీషు రాదు’ అని తండ్రే ప్రకటిస్తే, వాడు ఫోన్ రెండు ముక్కల్లో పెట్టేయక ఏం చేస్తాడండీ? జిల్లా పరిషత్ స్కూల్లో వేయడం మీ తప్పు కాదు. అక్కడ చదివి, ఇంటర్ నుంచి ఇంగ్లీషులోకి మారి, ఈసీఈ మూడేళ్లు నెట్టుకొచ్చినవాడికి ఇంకో ఐదు వాక్యాలు దిద్దుకోవడం కొండ కాదు. పెళ్లిలో అన్నది మాత్రం తప్పే. అది సరిదిద్దుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఆప్టిట్యూడ్, కోడింగ్ తయారీ వాడికి కాలేజీలో చెబుతూనే ఉంటారు, దాని జోలికి పోను. ప్లేస్‌మెంట్లు మొదలయ్యేలోపు ఇంట్లో చేయదగ్గది ఒకటుంది, దానికి మీ కొట్టంత మంచి చోటు లేదు. రోజంతా మీ కౌంటర్ దగ్గర వినిపించేవి ఈ మాటలే కదా: ‘నాట్లు అయినంక పైసలు కడ్తనన్నడు’, ‘డీలర్ ఎల్లుండి లారీ పంపిస్తనన్నడు’, ‘డీఏపీ లేదని చెప్పిన’. రాత్రి కొట్టు కట్టేశాక వాడికి ఫోన్ చేసి ఆ రోజు విన్నవి ఓ ఐదు తెలుగులోనే చెప్పండి. వాడు ఇంగ్లీషులో తిప్పి చెప్తాడు: ‘ది డీలర్ సెడ్ హి వుడ్ సెండ్ ది లారీ ది డే ఆఫ్టర్ టుమారో.’ తప్పో ఒప్పో మీరు తేల్చక్కర్లేదు. వాడు రాసుకుని మర్నాడు లెక్చరర్‌కో, నలుగురి బ్యాచ్‌లో సారుకో చూపించుకుంటాడు. పది నిమిషాలకు మించొద్దు.

మొదటి రోజు ఫోన్ ఎత్తగానే ‘ప్రాక్టీస్ చేస్తున్నావా’ అని మాత్రం అడక్కండి. అప్పు ఎగ్గొట్టడానికి ఆ రోజు ఎవరు ఏ కథ చెప్పారో అక్కణ్నుంచి మొదలుపెట్టండి.