జీవశాస్త్రం చదవాలనుకుంటున్న అమ్మాయికి ఏ కళాశాల? పలాస పాఠకుడికి జవాబు

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు వ్యాపారి దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. జీతం, ఎకరంన్నర కొబ్బరి తోట రాబడి కలిపి ఏడాదికి నాలుగు లక్షలు వస్తుంది. మా అమ్మాయి టెక్కలిలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. నీట్ రాయనని, జీవశాస్త్రం, పర్యావరణం చదువుతానని పట్టుబట్టింది. విశాఖపట్నం వైపు ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం వారు నాలుగేళ్ల బీఎస్సీకి హాస్టల్‌తో కలిపి ఏడాదికి రూ.2.20 లక్షలు చెప్పారు. అమ్మాయి పేరిట 2015లో తెరిచిన సుకన్య సమృద్ధి ఖాతాలో రూ.3.60 లక్షలు, బ్యాంకులో రూ.2.50 లక్షల డిపాజిట్ ఉన్నాయి. నెలకు అయిదు వేలు మిగల్చగలను. అబ్బాయి తొమ్మిదో తరగతి. తోట అమ్మి ఆ సీటు తీసుకోమంటారా? ఇంకెక్కడ దరఖాస్తు చేయాలి?

జవాబు: తోట అమ్మవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానంలో కొబ్బరి ఎంతగా నేలకూలిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ తర్వాత నాటిన మొక్కలు మీ తోటలోనూ ఉంటే అవి కాపుకు వచ్చే కాలం ఇదే. రాబడి మొదలయ్యే వేళ ఆస్తిని వదులుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. తోట జోలికి పోకుండానే మీ అమ్మాయి కోరిన చదువు చదవగలదని నా లెక్కలో తేలింది. అయితే ఆ లెక్కను ఒక్క బీఎస్సీకి కాక, ఆమె సంపాదన మొదలుపెట్టే రోజు వరకు వేయాలి.

జీవశాస్త్రంలో, అందులోనూ పర్యావరణ రంగంలో, బీఎస్సీతోనే నిలదొక్కుకునే ఉద్యోగాలు తక్కువ. ఎమ్మెస్సీ తప్పనిసరి అనుకోండి. ఆ తర్వాత జాతీయ అర్హత పరీక్ష నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధించి పీహెచ్‌డీలో చేరితే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 ఫెలోషిప్, దానిపై ఇంటి అద్దె భత్యం లభిస్తాయి. జేఆర్‌ఎఫ్ సులువుగా వచ్చేది కాదు. అయినా ఇంటి నుంచి డబ్బు పంపే కాలం సుమారు అయిదేళ్లని, అందులో చివరి రెండేళ్లు అన్నిటికంటే కీలకమని దీన్నిబట్టి అర్థమవుతుంది. పైగా ఆమె నాలుగో ఏట అడుగుపెట్టేసరికి మీ అబ్బాయి ఇంటర్ ముగించి కళాశాలలో చేరతాడు. చేతిలోని సొమ్మంతా మొదటి నాలుగేళ్లకే ఖర్చుచేస్తే అయిదో ఏట ఇద్దరి చదువూ ఇబ్బందిలో పడుతుంది.

ఇప్పుడు మీ దగ్గర నిజంగా ఎంత ఉందో చూద్దాం. సుకన్య ఖాతాలో ఉన్నదంతా చదువుకు తీయడం కుదరదు. అమ్మాయి పదో తరగతి ఉత్తీర్ణురాలైనా, 18 ఏళ్లు నిండినా, క్రితం ఆర్థిక సంవత్సరం చివరనున్న నిల్వలో సగం వరకు, కళాశాల అడిగిన ఫీజుకు మించకుండా, ఒకేసారి గానీ ఏడాదికొకసారి చొప్పున అయిదేళ్లలో గానీ తీసుకోవచ్చు. అంటే మీకు అందేది రూ.1.80 లక్షలు. మిగతా సగం ఖాతాలోనే పెరగనివ్వండి. డిపాజిట్‌లో రూ.60 వేలు అత్యవసరానికి ఉంచితే రూ.1.90 లక్షలు మిగులుతుంది. నెలకు అయిదు వేల చొప్పున మొదటి మూడేళ్ల పొదుపు రూ.1.80 లక్షలు, నాలుగో ఏటి నుంచి ఆ పొదుపు అబ్బాయిది. మొత్తం రూ.5.50 లక్షలు. ప్రైవేటు సీటుకు నాలుగేళ్లకు రూ.8.80 లక్షలు కావాలి. రూ.3.30 లక్షలు తక్కువ పడుతుంది, ఎమ్మెస్సీ ఖర్చు దానికి అదనం. అప్పుచేసి ఆ సీటు తీసుకోమని నేను చెప్పలేను.

దరఖాస్తుల్లో మొదటి స్థానం ఐసర్లకు, అంటే కేంద్ర ప్రభుత్వ విజ్ఞానశాస్త్ర విద్యా పరిశోధన సంస్థలకు ఇవ్వండి. దేశంలో ఏడు ఐసర్లున్నాయి. వాటిలో ఒకటి 2015లో మొదలైన తిరుపతి ఐసర్ కాగా, 2016లో మొదలైన బరంపురం ఐసర్ మీకు పక్కూరి లెక్క. ఒడిశా అనగానే మనవాళ్లు దూరమనుకుంటారు గానీ, ఇచ్ఛాపురం దాటాక కొద్దిసేపటికే వచ్చే బరంపురం పలాసకు విశాఖపట్నం కంటే దగ్గర, తెలుగు మాట వినిపించే ఊరు కూడా. అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ పూర్తిచేస్తే డిగ్రీ, పీజీ రెండూ ఒకే చోట ముగుస్తాయి. ప్రవేశ పరీక్ష ఐఏటీలోని 60 ప్రశ్నల్లో జీవ, రసాయన, భౌతిక శాస్త్రాలతో పాటు గణితానికీ పదిహేను ఉంటాయి. బైపీసీ పిల్లలు తడబడేది ఇక్కడే గనుక ఈ కొద్ది నెలలు మంచి లెక్కల మాస్టారి దగ్గర ట్యూషన్ పెట్టించండి. అలాంటిదే మరో కేంద్ర సంస్థ, భువనేశ్వర్‌లోని నైసర్‌లో ప్రవేశానికి నెస్ట్ పరీక్ష కూడా రాయించండి. అక్కడా అయిదేళ్ల సమీకృత ఎమ్మెస్సీయే.

ఈ సంస్థల్లో ఫీజు, హాస్టల్, మెస్, ప్రయాణాలకు కలిపి ఏడాదికి లక్షన్నర చొప్పున అయిదేళ్లకు రూ.7.50 లక్షలు కేటాయించుకోవాలి. తక్కువ పడేది రూ.2 లక్షలు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వస్తే ఏడాదికి రూ.60 వేలు చేతికి, వేసవి పరిశోధనకు మరో రూ.20 వేలు లభిస్తాయి గనుక ఆ లోటు తీరిపోతుంది. ఇంటర్ బోర్డు పరీక్షలో మొదటి ఒక శాతంలో నిలిచి వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటి మౌలిక విజ్ఞాన విషయాలు చదివేవారికి, ఏ కళాశాలలో చేరినా, ఈ స్కాలర్‌షిప్‌కు అర్హత ఉంటుంది. అందుకే ఐసర్ పరీక్ష ధ్యాసలో బోర్డు మార్కులను నిర్లక్ష్యం చేయనివ్వకండి. అయితే స్కాలర్‌షిప్ సొమ్మును మొదటి ఏడాది ఫీజుకు లెక్కలో వేసుకోవద్దు. ఫీజు గడువు ముందొస్తుంది, స్కాలర్‌షిప్ తర్వాత వస్తుంది. అది రాకపోతే కేంద్ర విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి కింద, దాని జాబితాలోని సంస్థల్లో చేరేవారికి తనఖా గానీ హామీదారు గానీ లేకుండా రుణమిస్తారు. ఏటా ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉండి, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందనివారికి పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీకి అవకాశం ఉంది. రెండు లక్షల రుణం మీకు భారం కాదు.

ఐసర్, నైసర్ రెండూ రాకపోతే చిన్నబుచ్చుకోవలసినది ఏమీ లేదు. శ్రీకాకుళం ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల, 1879లో కళాశాల అయిన విజయనగరం మహారాజా కళాశాల ఈ రెండింటికీ దరఖాస్తు చేయించండి. వసతితో కలిపి ఏడాదికి రూ.60 వేల చొప్పున మూడేళ్లకు రూ.1.80 లక్షలు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, పర్యావరణ శాస్త్రానికి ప్రత్యేక విభాగమున్న పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీకి ఏడాదికి రూ.1.20 లక్షల చొప్పున రూ.2.40 లక్షలు అనుకుంటే, రూ.1.30 లక్షలు ఇంకా చేతిలో ఉంటుంది. ఆ డబ్బు క్షేత్ర పర్యటనలకు, వేసవి శిక్షణలకు, దేహ్రాదూన్ వన్యప్రాణి సంస్థ ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు ఉపయోగపడుతుంది. ఇంటర్‌లో 80వ పర్సంటైల్ దాటి, కుటుంబ ఆదాయం రూ.4.50 లక్షలకు మించనివారికి డిగ్రీలో ఏడాదికి రూ.12 వేలు ఇచ్చే కేంద్ర స్కాలర్‌షిప్ కూడా ఉంది. మీ ఆదాయం రెండున్నర లక్షలు దాటుతోంది గనుక రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను నేను లెక్కలో వేయలేదు.

డిగ్రీ పేరు విషయంలో మాత్రం చాలా జాగ్రత్త అవసరం. ఆకర్షణీయమైన పేర్లతో ఇప్పుడు ఎన్నో కోర్సులు వస్తున్నాయి. కానీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాయాలంటే డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి నిర్దేశిత విషయాల్లో కనీసం ఒకటి ఉండాలి, లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్ పట్టా ఉండాలి. అడవులు, పక్షుల మీద ప్రేమ ఉన్న పిల్లకు ఆ తలుపు పద్దెనిమిదో ఏటే మూసుకుపోకూడదు. అందుకని స్థానికంగా చేరితే వృక్షశాస్త్రమో జంతుశాస్త్రమో ప్రధాన విషయంగా తీసుకోమనండి. పర్యావరణాన్ని ఎమ్మెస్సీలో చదవవచ్చు. ఏపీ ఈఏపీసెట్ రాస్తే శ్రీకాకుళం దగ్గరి నైరా వ్యవసాయ కళాశాల కూడా ఈ దారిలోనిదే, అమ్మాయికి ఇష్టమైతేనే సుమా.

చేరే ముందు మీరిద్దరూ ఒక పనిదినాన కళాశాలకు వెళ్లి ప్రయోగశాల చూడండి. సూక్ష్మదర్శినులు వాడకంలో ఉన్నాయా, ఆ విషయానికి శాశ్వత అధ్యాపకులు ఎందరు, విద్యార్థులను ఏడాదిలో ఎన్నిసార్లు బయటకు తీసుకెళ్తారని అడగండి. తేలినీలాపురానికి పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు వలస వచ్చే జిల్లాలో, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం పక్కన ఉంటూ విద్యార్థులను నాలుగు గోడలు దాటించని విభాగమైతే ఆ చదువుకు ఫీజు తక్కువైనా వద్దనండి.

దరఖాస్తు రుసుములకు, పరీక్షలకు వెళ్లిరావడానికి పదిహేను వేలు ఇప్పుడే పక్కన పెట్టండి. ఆదాయ ధ్రువపత్రానికి ఈ నెలలోనే సచివాలయంలో దరఖాస్తు ఇవ్వండి. డిపాజిట్ గడువు తీరగానే అత్యవసర నిధిని వేరుచేసి, మిగిలినదాన్ని మూడు భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్కటి ఒక్కో సంవత్సరం జూన్‌లో చేతికి వచ్చేలా తిరిగి వేయండి.