డైరీ యాప్ ఏది తీసుకోవాలి? ముందు మీరు ఎప్పుడు రాస్తారో చూసుకోండి

డే వన్, జర్నీ, అబ్సిడియన్, డేలియో అనే యాప్‌లన్నీ వేసి చూశాను, దేంట్లోనూ రెండు వారాలు దాటి రాయలేకపోతున్నాను, వీటిలో ఏది మంచిదని మీరు అడిగారు. నాలుగూ మంచివే. కాకపోతే నాలుగూ నాలుగు రకాల మనుషుల కోసం చేసినవి. మీరు ఏ టైములో రాస్తారు, ఎక్కడ కూర్చుని రాస్తారు, ఎంతసేపు రాస్తారు అన్నది మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. అది తేలితే సగం యాప్‌లు వాటంతటవే పక్కకి పోతాయి.

నా సంగతి చెప్తాను. నేను రాసేది రాత్రి లైటు ఆర్పాక, పక్కకి తిరిగి పడుకుని, ఒంటిచేత్తో. ఆ టైములో నాకు కావాల్సింది ఖాళీ పేజీ, కీబోర్డు, నల్లటి తెర. అంతే. ఇంతకుముందు వాడిన ఒక యాప్ తెరిస్తే మొదట ఒక సూక్తి వచ్చేది. దాన్ని తోసేస్తే ఈరోజు మీ మూడ్ ఎలా ఉందంటూ మొహాల బొమ్మలు. అవీ దాటాక ఏ టెంప్లేట్ కావాలో ఎంచుకోమనేది. పేజీ దాకా చేరేసరికి రాద్దామనుకున్న మాట కాస్తా ఎగిరిపోయేది.

అందుకని ఫీచర్ల పట్టికలు పోల్చుకుంటూ కూర్చోకండి. ఫోన్ లాక్ తీసిన దగ్గర్నుంచి మొదటి అక్షరం పడేదాకా తెరని ఎన్నిసార్లు తాకాల్సి వస్తోందో చూడండి. హోమ్ స్క్రీన్ మీద విడ్జెట్ పెట్టుకుంటే చాలా యాప్‌లలో ఈ దూరం బాగా తగ్గుతుంది. నాకైతే మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

ఇక ఎవరికి ఏది నప్పుతుందంటే, రాయడమే బద్ధకం, రోజు ఎలా గడిచిందో గుర్తుంటే చాలనుకునేవాళ్లకి డేలియో. మూడ్ ఒకటి, చేసిన పనులు కొన్ని తాకితే ఆ రోజు అయిపోయినట్టే, ఒక్క వాక్యం కూడా రాయక్కర్లేదు. మనసులోది వివరంగా వెళ్లబోసుకునేవాళ్లకి మాత్రం అందులో ఊపిరాడదు. ఐఫోన్ ఉండి, ఫోటోలు ఎక్కువ తీసేవాళ్లు ఆపిల్ వాళ్ల జర్నల్ చూడొచ్చు. 2023 డిసెంబరులో ఐఓఎస్ 17.2తో వచ్చింది, ఉచితం. మీరు తిరిగిన చోట్లు, తీసిన ఫోటోలు చూపించి వీటి గురించి రాస్తారా అని అడుగుతుంది. ఏం రాయాలో తోచని రోజున అది నిజంగా పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో మాత్రం లేదు. ఫోన్ ఒక కంపెనీది, కంప్యూటర్ ఇంకో రకం అయితే జర్నీ గానీ డయారియం గానీ చూడండి. రోజంతా కంప్యూటర్ ముందుండి, నోట్సు కూడా అక్కడే రాసుకునే అలవాటుంటే అబ్సిడియన్. అందులో ప్రతి రోజూ ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా మీ కంప్యూటర్‌లోనే ఉంటుంది. కానీ దాన్ని మన చేతికి తగ్గట్టు అమర్చుకోవడం మొదలుపెడితే ఆ సర్దుడుకే సాయంత్రాలు ఖర్చయిపోతాయి, డైరీ అక్కడే ఉంటుంది.

తెలుగులో రాస్తారా? అయితే డబ్బు కట్టేముందు రెండు విషయాలు చూసుకోండి. మొదటిది వెతుకులాట. నేను ఒకరోజు ఆస్పత్రి అని, ఇంకోరోజు ఆసుపత్రి అని, తొందరలో హాస్పిటల్ అని రాస్తాను. అమ్మకి బీపీ మాత్ర ఎప్పుడు మార్చారో వెతకబోతే ఒక మాట కొడితే రెండో మాటతో రాసిన రోజు దొరకలేదు. అప్పట్నుంచి అలాంటి రోజులకి ఒకే ట్యాగ్, అంటే వెతకడానికి ఒక గుర్తుపేరు, తగిలిస్తున్నాను. కాబట్టి ట్యాగులు లేని యాప్ నాకు పనికిరాదు. రెండోది పీడీఎఫ్. మంచి ఒత్తులున్న పేరా ఒకటి రాసి పీడీఎఫ్‌గా బయటికి తీసి చూడండి. కొన్నిటిలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి, కొన్నిటిలో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి.

పిన్ నంబరు పెట్టుకున్నాం కదా, భద్రమే అనుకోకండి. పిన్ ఆపేది మీ ఫోన్ పట్టుకున్న మనిషిని మాత్రమే. యాప్ కంపెనీ సర్వర్‌లో ఉన్న మీ రాతని ఆ కంపెనీ కూడా చదవలేకుండా ఉండాలంటే ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్, అంటే మీ దగ్గరే తాళం వేసి పంపే పద్ధతి, కావాలి. డే వన్‌లో అది ఉంది. దానికి ఒక కీ, అంటే తాళంచెవి లాంటి రహస్య కోడ్, ఇస్తారు. ఆ కీ పోతే, సర్వర్‌లో ఉన్నదాన్ని వాళ్లు కూడా తెరిచివ్వలేరు, కాబట్టి ఫోన్‌లో కాకుండా ఇంకోచోట కూడా రాసి పెట్టుకోండి. గుర్తుచేసే నోటిఫికేషన్ లాక్ స్క్రీన్ మీద ఏం చూపిస్తోందో కూడా ఓసారి గమనించండి. ఇంట్లో టేబుల్ మీద పడుండే ఫోన్ అయితే మరీనూ.

స్ట్రీక్ అని వరసగా ఎన్ని రోజులు రాశారో చూపించే లెక్క ఒకటుంటుంది. వీలుంటే ఆపేయండి. మీరు రెండు వారాలకి మానేస్తున్నారన్నారు కదా, ఒక్క రోజు తప్పి ఆ అంకె సున్నాకి పడగానే మళ్లీ తెరవబుద్ధి కాకపోవడం చాలామందికి జరుగుతుంది. పైగా ఆ లెక్క కోసం "ఈరోజు ఏమీ లేదు" అని రాసిన పేజీలు తర్వాత ఎవరు చదువుతారు?

మీ ప్రశ్నని బట్టి చూస్తే మీకు ఆప్షన్లు ఎక్కువై చేయి ఆగిపోతున్నట్టుంది. అలాగైతే కొన్నాళ్లు ఫోన్‌తో వచ్చిన నోట్స్ యాప్‌లోనే, పైన తేదీ వేసి రాయండి. అందులో దేనికి ఇబ్బంది పడుతున్నారో అప్పుడు తెలుస్తుంది. ఫోటోలు పెట్టడమా, పాతవి వెతకడమా, లాక్ లేకపోవడమా చూసుకుని దానికి తగ్గ యాప్ తీసుకోండి. ఏది తీసుకున్నా ఏడాది చందా కట్టేముందు మీరు రాసినదంతా ఒకసారి బయటికి తీసి, వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. యాప్‌లు చేతులు మారుతుంటాయి, డే వన్‌నే 2021లో ఆటోమాటిక్ అనే కంపెనీ కొనేసింది. అది బాగానే నడుస్తోంది గానీ, అన్నిటికీ ఆ గ్యారంటీ లేదు.