తిరుపతి నుంచి పులికాట్ తీరానికి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో పిల్లలతో పులికాట్ సరస్సు చూడాలనుకుంటున్నాము. పక్షులతో పాటు చరిత్ర కూడా తెలిసేలా ఏయే చోట్లు చూడాలి?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: మీరు ఎంచుకున్న సమయం చాలా మంచిది. తిరుపతి నుంచి నాయుడుపేట మీదుగా వెళ్తే సూళ్లూరుపేటకు ముందే, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం వస్తుంది. ఇక్కడి చెరువులోని కడప చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు సత్తువనిస్తుందని గ్రామస్థులు తరతరాలుగా ఆ పక్షులను కాపాడుతూ వస్తున్నారు. నా దృష్టిలో పిల్లలకు ముందుగా చెప్పవలసిన విషయం ఇదే. ఫ్లెమింగోల కోసం మాత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా సాగే రోడ్డు మీదికి ఉదయాన్నే చేరుకోండి. లోతు తక్కువగా ఉన్న ఉప్పునీటిలో అవి ముక్కు ముంచి మేత వెతకడం స్పష్టంగా కనిపిస్తుంది.

సూళ్లూరుపేటలో చెంగాళమ్మ ఆలయాన్ని దర్శించుకోండి.

చరిత్ర కోసం సరస్సు దక్షిణపు కొసన, తమిళనాడులో ఉన్న పళవేర్కాడుకు వెళ్లాలి. డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోటను కట్టి, కోరమండల్ తీరపు వస్త్ర వ్యాపారాన్ని చాలాకాలం అక్కడి నుంచే నడిపారు. కోట శిథిలమైనా, చెక్కడాలున్న సమాధి రాళ్లతో వారి శ్మశానవాటిక నిలిచి ఉంది. దీనికి మరో రోజు కేటాయించండి. పక్షుల దగ్గర తొందరపడటం తగదు. బైనాక్యులర్ తప్పక తీసుకెళ్లండి.