వరిలో దిగుబడి పెరిగితే గింజ నాణ్యత తగ్గి తీరుతుందా?

తగ్గి తీరుతుందని చాలామంది శాసనంలా చెబుతారు. అందులో నిజం సగమే. దిగుబడిని ఏ దారిన పెంచారో తెలియనిదే జవాబు చెప్పలేం. చదరపు మీటరుకు వెన్నులు, వెన్నుకు గింజలు, వాటిలో తాలు పోగా నిండినవెన్ని, వెయ్యి గింజల బరువు: దిగుబడి ఈ నాలుగింటి లెక్క. వెన్నుల సంఖ్య పెంచితే నాణ్యతకు పెద్ద ముప్పు లేదు. వెన్నును బారెడు చేసినప్పుడు, గింజను లావు చేసినప్పుడే తంటా.

వెన్నులో పై గింజలు ముందు పూసి, ముందు పాలు పోసుకుంటాయి. అడుగున ఉన్న పిల్లకొమ్మల గింజలకు ఆలస్యం. ఆకులు వండేది అందరికీ చాలకపోతే పస్తులుండేది ఈ చివరివే. వాటిలో పిండి రేణువులు వదులుగా పేరుకుని సందుల్లో గాలి మిగులుతుంది. అదే పొట్టతెలుపు. మరలో గింజ విరిగేది ఎక్కువగా అక్కడే. పాలు పోసుకునే రోజుల్లో ఎండ ముదిరితే ఇక చెప్పక్కర్లేదు.

అలాగని తెలుపు కనబడగానే లైను (వంగడంగా ఎదిగేందుకు పరీక్షలో ఉన్న మొక్కల సంతతి) పారేయకండి. పది వెన్నులు కోసి, పై మూడో వంతు గింజలు, కింది మూడో వంతు గింజలు వేరువేరుగా పొట్టు తీసి, తవుడు పోయేదాకా తెల్లగా పట్టి, అడుగున దీపం ఉన్న గాజు మీద పరవండి. తెలుపున్న చోట వెలుగు దాటక నల్లమచ్చ కనిపిస్తుంది. కిందివి మాత్రమే మచ్చపడితే అది ఆకలి. పైవీ మచ్చపడితే గింజ నిర్మాణంలోనే లోపం ఉందని అనుమానించాలి, ముఖ్యంగా వెడల్పు గింజల్లో. జీడబ్ల్యూ2 జన్యువు పని చేయకపోతే గింజ వెడల్పై బరువెక్కుతుంది. జీఎస్3 పని చేయకపోతే పొడవై బరువెక్కుతుంది. నా ఓటు పొడవుకే. కాకపోతే మరీ సాగితే మరలో విరుగుతుంది.

1966లో వచ్చిన ఐఆర్8 వరి వంగడం విరగపండింది. గింజ మాత్రం లావు, తెలుపు, చల్లారితే అన్నం గట్టి. 1985 నాటి ఐఆర్64 మంచి దిగుబడితో పాటు మధ్యస్థ అమైలోజ్‌నూ ఇచ్చింది. అమైలోజ్ అంటే పిండిలో ఒక భాగం; ఎక్కువైతే అన్నం పొడి, తక్కువైతే జిగురు. దిగుబడీ నాణ్యతా ఒకే చోట పొసగవనే మాట అక్కడే వీగిపోయింది.

సంకర వరిలో చిక్కు వేరు. రైతు కోసేది తొలి తరం మొక్క మీది రెండో తరం గింజ. గింజ ఆకారాన్ని శాసించే పొట్టు ఆ తొలి తరం మొక్కదే కాబట్టి పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపలి పిండి మాత్రం గింజగింజకీ వేరుపడుతుంది. తల్లి వంగడంలో అమైలోజ్ 26 శాతం, తండ్రి వంగడంలో 16 శాతం ఉంటే, ఒకే వెన్నులో జిగురు గింజా పొడి గింజా కలిసి కాస్తాయి. అందరూ గుప్పెడు గింజలు కలిపి పిండి చేసి, సగటు 20 పైచిలుకు రాగానే 'మధ్యస్థం' అని రాసేస్తారు. ఒక్కో గింజను విడిగా పరీక్షిస్తే గుట్టు తేలుతుంది. జననీజనకుల అమైలోజ్ దగ్గరదగ్గరగా ఉండేలా ఎంచుకోవడమే దీనికి మందు.

నా అసలు ఫిర్యాదు తూకం మీద. పరీక్ష మడుల దిగుబడిని ఇంకా ధాన్యంలోనే ఎందుకు రాస్తారు? హెక్టారుకు 7,000 కిలోలు ఇచ్చి మరలో విరగని నిండుగింజ బియ్యం 45 శాతమే దక్కితే చేతికొచ్చేది 3,150 కిలోలు. 6,300 ఇచ్చే లైనుకు 58 శాతం దక్కితే 3,654. పట్టికలో గెలిచేది మొదటిది!

ఆ శాతం తీసేటప్పుడైనా జాగ్రత్త అవసరం. ధాన్యాన్ని నీడలో 14 శాతం తేమకు ఆరబెట్టి, 125 గ్రాములు మర పట్టి, ముప్పావు పొడవుకు తగ్గనివే నిండుగింజలుగా లెక్కించాలి. అన్ని లైన్లనూ ఒకే రోజు కోయడం చాలాచోట్ల జరిగే పొరపాటు. ముందు పండినవి చేలోనే అతిగా ఎండి, మంచుకు మళ్లీ తడిసి పగుళ్లిస్తాయి. మరలో నూకైతే నింద వంగడం మీద పడుతుంది. ఏ లైనుకు ఆ లైను, గింజలో తేమ 20-22 శాతం ఉండగా కోయండి.