హెచ్‌టీఎంఎలా, ఎక్స్‌హెచ్‌టీఎంఎలా, ముందు ఏది పట్టుకోవాలి?

ప్రశ్న: సార్, మాది భీమవరం, బీకామ్ ఫైనలియర్. వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే హెచ్‌టీఎంఎల్, డీహెచ్‌టీఎంఎల్, ఎక్స్‌హెచ్‌టీఎంఎల్, ఎక్స్‌ఎంఎల్ వరసగా నేర్పుతామని సిలబస్ కాగితం ఇచ్చారు. మా ఫ్రెండేమో మార్క్‌డౌన్ చాలంటోంది. ఏది ముందు నేర్చుకోవాలి? నాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్, సరిపోతుందా?

జవాబు: హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్ పేజీలు రాసే భాష. ఇంకేం ఆలోచించకుండా ఈ రాత్రికే మొదలెట్టేయండమ్మా. నోట్‌ప్యాడూ, ఒక బ్రౌజరూ ఉంటే చాలు, మీ ల్యాప్‌టాప్ భేషుగ్గా సరిపోతుంది.

ఆ కాగితం చూస్తే నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కాల్సిన మెట్లలా అనిపిస్తాయి, అసలు కాదు. డీహెచ్‌టీఎంఎల్ అనేది విడిగా ఒక లాంగ్వేజే కాదు, 90ల చివర్లో హెచ్‌టీఎంఎల్, పేజీ రూపం చూసుకునే సీఎస్‌ఎస్, పేజీ చేత పనులు చేయించే జావాస్క్రిప్ట్ మూడూ కలిపి వాడితే దానికి పెట్టుకున్న పేరు. ఎక్స్‌ఎంఎల్ 1998లో వచ్చింది, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి డేటా పంపుకోడానికి పనికొస్తుంది, బీకామ్ కాబట్టి ట్యాలీలో డేటా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఆ పేరు చూసే ఉంటారు, అవసరమైన రోజు నేర్చుకోవచ్చు.

ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ అంటే హెచ్‌టీఎంఎల్‌నే ఎక్స్‌ఎంఎల్ రూల్స్‌తో రాయడం. 2000లో స్టాండర్డ్ అయింది, ఇక ముందంతా ఇదేనని నేను కూడా గట్టిగా నమ్మాను. కానీ దాని పట్టింపు ఎలాంటిదంటే పేజీని నిజంగా ఎక్స్‌ఎంఎల్‌గా పంపితే ఒక్క ట్యాగ్ (ఏ ముక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తు) మూయడం మర్చిపోయినా ఫైర్‌ఫాక్స్‌లో పేజీకి బదులు పసుపు రంగు ఎర్రర్ వచ్చేది, అదే తప్పు హెచ్‌టీఎంఎల్‌లో చేస్తే బ్రౌజర్ తనే సర్దుకుని ఏదోలా చూపిస్తుంది. చివరికి యాపిల్, మొజిల్లా, ఒపెరా వాళ్లు 2004లో ఒక గ్రూప్‌గా చేరి హెచ్‌టీఎంఎల్‌నే ముందుకు తీసుకెళ్లారు, వెబ్ స్టాండర్డ్స్ తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని 2009లో ఆపేసింది. ఇప్పుడున్నది వెర్షన్ నంబర్ లేని ఒకే స్టాండర్డ్, ఎప్పటికప్పుడు మారుతూ ఉంటుంది, కాబట్టి హెచ్‌టీఎంఎల్5కి వేరే ఫీజు అంటే కట్టకండి.

మార్క్‌డౌన్ అంటే చుక్కలు, హ్యాష్‌లు లాంటి చిన్న గుర్తులతో హెడ్డింగులూ, లిస్టులూ రాసే పద్ధతి, మంచిదే, అరగంటలో వచ్చేస్తుంది, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో రోజూ వాడతాం. కానీ అది కూడా చివరికి మారేది హెచ్‌టీఎంఎల్‌గానే, పైగా దాంతో ఒక ఫారం కూడా చేయలేరు.

ఇక మొదటి పేజీ. మీ ఇంట్లో చేపల పులుసు ఎలా చేస్తారో తెలుగులో రాయండి. వంట పేరు హెచ్1 (h1, పెద్ద హెడ్డింగ్) ట్యాగ్‌లో పెట్టండి. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, చింతపండు ఏ వరసలో రాసినా ఒకటే కాబట్టి ఆ సామాన్ల లిస్టు యూఎల్ (ul, నంబర్లు లేని లిస్టు), వండే విధానం వరస తప్పితే పులుసు పాడైపోతుంది కాబట్టి అది ఓఎల్ (ol, నంబర్లున్న లిస్టు). మార్కప్ అంటే ఇదే, ఏ ముక్క ఏంటో బ్రౌజర్‌కి చెప్పడం. అది ఎంత పెద్దగా, ఏ రంగులో కనపడాలన్నది సీఎస్‌ఎస్ పని, దాని గురించి ఇప్పుడు ఆలోచించకండి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. ఫైల్‌ని యూటీఎఫ్-8 (అక్షరాలని బైట్లుగా దాచే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్)లో సేవ్ చేసి, హెడ్ ట్యాగ్ లోపల మొట్టమొదట <meta charset="utf-8"> అనే లైన్ పెట్టండి. నా మొదటి తెలుగు పేజీలో అది లేదు, తెరిచి చూస్తే తెలుగు ఒక్క అక్షరం లేదు, నెత్తిన చిన్న గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కనే డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఎ, పేజీ నిండా అంతే, ఫాంట్ పోయిందేమోనని రెండ్రోజులు ఫాంట్లు మారుస్తూ కూర్చున్నా. యూటీఎఫ్-8లో అ, క లాంటి ప్రతి గుర్తుకీ 3 బైట్లు పడతాయి, అన్నిటికీ మొదటి బైట్ ఒకటే, బ్రౌజర్‌కి ఎన్‌కోడింగ్ తెలీక ఒక్కో బైట్‌ని ఒక్కో అక్షరంగా చదివేస్తే ఆ ఎ మళ్లీమళ్లీ వస్తుంది. అలాగే పైన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లోనే భాష తెలుగు అని lang="te" అనే ఆట్రిబ్యూట్ ఇవ్వండి, కళ్లు కనపడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చూసే తెలుగు గొంతుకి మారుతుంది. ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనపడితే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ పెట్టలేదన్నమాట.

రోజుకి గంట కూర్చుంటే రెండు మూడు వారాల్లో చేయి తిరుగుతుంది. ఎండీఎన్ (MDN) అనే వెబ్ పాఠాల సైట్‌లో అంతా ఫ్రీగా ఉంది, ఇంగ్లిషే గానీ ఉదాహరణలు చూస్తూ చదివితే అర్థమవుతుంది. ఆ తర్వాత సీఎస్‌ఎస్, దాని తర్వాతే జావాస్క్రిప్ట్. ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలనే ఉంటే ఫీజు కట్టేముందు ఆ కాగితం ఇంకోసారి చూడండి, మీరు రాసిన నాలుగు పేర్లలో సీఎస్‌ఎస్ లేదు.