మాస్టారూ, దుప్పట్లకు వచ్చినవాళ్లు శిబిరానికి ఎందుకు రాలేదు?

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది రణస్థలం దగ్గర పల్లె. ఈ ఏడాదే మా సేవా క్లబ్బుకు కార్యదర్శినయ్యాను. మా చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి పిల్లాపాపలతో వచ్చి పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. సంక్రాంతికి ముందు దుప్పట్లు పంచితే ఎగబడి తీసుకున్నారు. రెండు వారాల తర్వాత ఆదివారం పది గంటలకు కంటి పరీక్షలు, మందుల శిబిరం పెడితే పదకొండు మందే వచ్చారు. డాక్టరుగారి ముందు తల కొట్టేసినట్టయింది. పైగా "మన ఊళ్లో పేదలు లేరా, పరాయి రాష్ట్రం వాళ్లకెందుకు?" అని మా సభ్యులే అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీకు పదకొండు మంది వచ్చారు, మాకు నలుగురు. ఆ నలుగురిలో ఒకడు బట్టీ గుమస్తా.

నేను ఆమదాలవలస వైపు బడుల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. క్లబ్బులో చేరి ఇరవై రెండేళ్లు. మా మొదటి శిబిరం కూడా ఆదివారం పది గంటలకే. షామియానా, బ్యానరు, డాక్టరుగారికి కొబ్బరిబొండం, అన్నీ ఉన్నాయి. మనుషులే లేరు. గుడిసెల్లోకి తొంగి చూస్తే అందరూ నిద్రలో ఉన్నారు. పట్టపగలు ఇదేం నిద్ర అని మా అధ్యక్షుడు విసుక్కున్నాడు కూడా. తర్వాత తెలిసింది. ఎండ ముదిరేలోగా పని తెమలాలని వాళ్లు రాత్రి రెండింటికే లేచి మట్టి కలుపుకొని అచ్చులు కొడతారు. పొద్దెక్కాక నడుం వాలుస్తారు. మనం వెళ్లింది సరిగ్గా వాళ్ల అర్ధరాత్రి వేళకు.

కూలి లెక్క కూడా చూడండి. రోజుకింత అని కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత. భార్యాభర్తలు, ఒక్కోసారి పెద్ద పిల్లలు కూడా కలిసి ఒక జట్టు. ఆగస్టు, సెప్టెంబరులో నువాఖాయ్ పండగ వెళ్లాక ఊళ్లో కూలీలను కుదిర్చే సర్దార్ దగ్గర అడ్వాన్సు తీసుకుని బయల్దేరతారు. సీజనంతా కొట్టిన ఇటుకల్లోంచే ఆ బాకీ తీరాలి. డాక్టరుగారి ముందు గంటసేపు వరుసలో నిలబడితే అన్ని ఇటుకలు తగ్గినట్టే. దుప్పటి తీసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, అందుకని ఎగబడ్డారు. మీరంటే ఇష్టం లేక కాదు.

తిండి ఖర్చుకు వారం వారం ఇచ్చే డబ్బును వాళ్లు ఖురాకీ అంటారు. అది చేతికొచ్చిన రోజు సంతకు వెళ్తారు. మా రెండో శిబిరం ఆ సాయంత్రమే పెట్టాం. సంచులు గుడిసెలో పడేసి వచ్చారు. అరవై మంది దాటారు.

ఇక భాష. మా క్లబ్బులో ఇచ్ఛాపురం ఆయన ఒకరున్నారు. ఒడియా మా ఇంట్లో మాటే అని ధీమాగా బయల్దేరాడు. తీరా చూస్తే వాళ్లు పడమటి ఒడిశాలోని బలంగీర్ వైపువాళ్లు, మాట్లాడేది అక్కడి సంబల్‌పురి. ఆయనకు సగం అర్థమైంది, మిగతా సగానికి తలాడించాడు. చివరికి మూడు సీజన్లుగా వస్తూ తెలుగు పట్టేసిన పన్నెండేళ్ల గుంటడు మాకు దుబాసీ అయ్యాడు. భలే ఉందే అనుకున్నాం. కానీ అదీ పొరపాటే. ఆడవాళ్లు తమ బాధలు ఆ పిల్లాడి నోట చెప్పించలేక, ఏమీ లేదని లేచిపోయారు. ఏళ్ల తరబడి వస్తూ నాలుగు ముక్కలు తెలుగు వచ్చిన నడివయసు ఆవిడ ఒకరైనా బట్టీలో ఉంటారు. ఆవిణ్ని అడగండి. ఆ పూట ఆవిడకు పోయిన ఇటుకల కూలి క్లబ్బే ఇవ్వాలి. మీ ఫ్లెక్సీ ఖర్చు కన్నా తక్కువే అవుతుంది.

కంటి శిబిరం ఆలోచన మంచిదే. 1925లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సీడార్ పాయింట్‌లో జరిగిన సమావేశంలో చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ అంధుల తరఫున నిలబడమని లయన్స్ క్లబ్బుల వాళ్లను అడిగింది. ఆ రోజు నుంచి చూపు వాళ్ల సొంత పనైంది, మిగతా క్లబ్బులూ ఆ పని చేస్తున్నాయి. కానీ శుక్లం ఆపరేషనంటే ఆ తర్వాత వారాల తరబడి చుక్కలు వేసుకోవాలి, దుమ్మూ పొగా తగలకూడదు. ఇటుక బట్టీలో దుమ్ము తగలని చోటు ఎక్కడుంది? శుక్లం ఉన్నవాళ్లకు కన్ను, తేదీ, డాక్టరు సంతకంతో చీటీ ఇచ్చి, వానలు పడి ఊరెళ్లాక అక్కడి జిల్లా ఆసుపత్రిలో చేయించుకోమని చెప్పండి. ఇక్కడ మీరు ఇవ్వగలిగింది దగ్గరచూపు అద్దాలు. నలభై దాటినవాళ్లకు ప్లస్ ఒకటి నుంచి ప్లస్ మూడు దాకా రెడీమేడ్‌వి కొంటే చాలామందికి సరిపోతాయి. మా కోశాధికారి అప్పట్లో "చదువు రానివాళ్లకు చదివే అద్దాలెందుకండీ?" అన్నాడు. బియ్యంలో రాళ్లేరుకోవడానికి, సూదిలో దారం ఎక్కించడానికి, ఫోన్లో ఏ నంబరు నొక్కుతున్నారో చూసుకోవడానికి. అద్దాలు పెట్టుకున్న ఓ పెద్దావిడ మొట్టమొదట తన అరచేతులు తిప్పి తిప్పి చూసుకుంది. ఎందుకు చూసుకుందో నేను అడగలేదు.

ఆ చేతుల దగ్గరే ఇంకో పనుంది. రేషన్. ఒకే దేశం ఒకే రేషన్ పద్ధతిలో ఒడిశా కార్డున్నవాళ్లు కూడా మన చౌకదుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కార్డుకు ఆధార్ జతై ఉండాలి. ఊళ్లో ముసలివాళ్లను వదిలి వచ్చామే, ఇక్కడ తీసుకుంటే వాళ్ల బియ్యం ఆగిపోతుందేమో అని భయపడతారు. ఆగదు. ఇక్కడ కొంత, అక్కడ కొంత తీసుకునే వీలుంది. అసలు చిక్కు మట్టీ బూడిదా పిసికి పిసికి అరిగిపోయిన వేళ్లతో. మిషను ముద్ర పట్టదు, డీలరు "రేపు రా" అంటాడు, ఆ రేపటికి మళ్లీ అరపూట కూలి పోతుంది. మీ సభ్యుల్లో ఒకరు స్కూటరు మీద ఇద్దరిని ఎక్కించుకుని దుకాణానికి వెళ్లి, వేలు పడకపోతే కంటిపాపతో చూడమని నిలబడి అడిగితే చాలు. దీనికి ఫోటో రాదు. అయినా చెయ్యండి.

శిబిరానికి డాక్టరుతోపాటు మీ సచివాలయం ఏఎన్ఎంను, అంగన్‌వాడీ టీచరును కూడా పిలవండి. తొమ్మిది నెలలకు పడాల్సిన తట్టు టీకా దారిలో తప్పిపోయిన పిల్లలు అక్కడ దొరుకుతారు. రోటరీ వాళ్లు 1985లో పోలియో మీద పడ్డారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చిలో దేశానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది. సర్కారు, రోటరీ, ఆరోగ్య సిబ్బంది కలిసి అక్కడిదాకా ఎలా వచ్చారు? బూత్‌లో కూర్చుని కాదు. రైళ్లలో, బస్టాండుల్లో, ఇలాంటి బట్టీల్లోనే చుక్కల సీసా పట్టుకుని పిల్లలున్న చోటికి పోయారు.

ఒక జాగ్రత్త. బట్టీ యజమానిని అడక్కుండా లోపలికి వెళ్లకండి, తగువవుతుంది. కానీ ఆయన పక్కన నిలబడి ఉండగా కూలి సంగతి ఎవర్నీ అడక్కండి. ఎవరైనా బాకీ తీరేదాకా కదలనివ్వట్లేదని చెబితే మీరు పంచాయితీ పెట్టొద్దు. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ఉంది, ఆర్డీఓ దగ్గరికి వెళ్లండి. పిల్లల విషయమైతే 1098కి ఫోన్ చెయ్యండి.

పరాయివాళ్లకెందుకు అన్న మీ సభ్యులతో వాదించకండి. వాళ్ల వీధిలో హైదరాబాదులోనో చెన్నైలోనో తాపీపనికి పోయిన కుర్రాడెవడైనా ఉన్నాడేమో అడగండి. మన తీరం కుర్రాళ్లు గుజరాత్‌లో వేరావల్ రేవు దాకా పడవ పనికి పోతారు. 2020 లాక్‌డౌన్‌లో అక్కడ పడవల్లోనే వారాల తరబడి ఇరుక్కుపోయారు, బస్సులు పెట్టి తీసుకొచ్చారు. అన్నేసి రోజులు వాళ్లకు నీళ్లందించిన వాళ్లెవరో మనకు తెలియదు, వాళ్ల భాష కూడా మనకు రాదు. మా క్లబ్బులో ఈ మాట అన్నాక శిబిరానికి ఒప్పుకుని సంతకాలు పెట్టారు. ఒకాయన మాత్రం ఇప్పటికీ పెట్టలేదు, పోనీయండి.

ప్రశ్న: మాది విజయనగరం. బట్టల కొట్లో సేల్స్‌మన్‌ని, వయసు ఇరవై నాలుగు. సేవ చెయ్యాలని ఉంది. క్లబ్బుల్లో అంతా డాక్టర్లు, కాంట్రాక్టర్లే. చందాలు, డిన్నర్లు, ఫోటోలు తప్ప ఏమీ ఉండదని మా ఓనరు అంటారు. నిజమేనా?

జవాబు: సగం నిజం. ఒక రాత్రి మా క్లబ్బు విందు ఖర్చు, ఆ వారం పంచిన నోటుపుస్తకాల ఖర్చు పక్కపక్కన రాసి చూశాను. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు. సభ్యుల రుసుములో కొంత పైనున్న క్లబ్బుల జిల్లా విభాగానికీ, అంతర్జాతీయ కార్యాలయానికీ వెళ్తుంది, మిగిలిందే ఊరి క్లబ్బుది. మీ జీతానికి అది బరువు. మీకు లయన్స్ వాళ్ల కుర్రకారు విభాగం లియో క్లబ్బు నయం, ముప్ఫై ఏళ్ల దాకా చేర్చుకుంటారు, రుసుము కూడా తక్కువ. రోటరీ వాళ్ల రోటరాక్ట్ కూడా అలాంటిదే. అసలు క్లబ్బులు కూడా మారుతూనే వచ్చాయి. లయన్స్ 1917లో పుట్టి 1987 దాకా ఆడవాళ్లను సభ్యులుగా తీసుకోలేదంటే ఇవాళ నమ్ముతారా? చేరకపోయినా ఫర్వాలేదు. పైన రణస్థలం ఆయనకు స్కూటరున్న కుర్రాళ్లు కావాలి. దూరం కూడా ఏమంత లేదు, కొట్టుకు సెలవు రోజున వెళ్లి రండి.

ప్రశ్న: మా బట్టీలో పనిచేసే ఒడిశా వాళ్ల ఎనిమిదేళ్ల పిల్లను బడికి తీసుకెళ్తే టీసీ లేదు, ఆధార్ లేదు అని పంపేశారు. ఏం చెయ్యాలి? – ఒక గృహిణి, బొబ్బిలి

జవాబు: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ లేదని, వయసు కాగితం లేదని చేర్చుకోకుండా పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. మళ్లీ వెళ్లి ఆ మాట నెమ్మదిగా చెప్పండి. వినకపోతే మండల విద్యాధికారికి (ఎంఈఓ) తెల్ల కాగితం మీద రాసి ఇవ్వండి. ఒడియా మీడియం బడులు ఇచ్ఛాపురం వైపు ఉన్నాయి గానీ బొబ్బిలి నుంచి అది అయ్యే పని కాదు. తెలుగు బడే వెయ్యండి, ఆ వయసు పిల్లలకు రెండు నెలల్లో మాట వచ్చేస్తుంది. జూన్‌లో వానలకు వాళ్లు వెళ్లిపోతారు. బడికి వేసవి సెలవులిచ్చే ముందే, పిల్ల ఏ తరగతిలో ఎన్నాళ్లు చదివిందో హెడ్మాస్టరుగారితో రాయించి స్టాంపు వేయించి వాళ్ల చేతికివ్వండి. ఇంగ్లీషులో రాయించండి, అక్కడి మాస్టారికి తెలుగు రాదు.