బండి కింద దొరికిన బోల్టు ఎక్కడిది? (పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ప్రశ్న: అన్నా నమస్తే, నాది 2014 మోడల్ ఆల్టో 800. మొన్న వానలకు రోడ్డు మీద నీళ్లల్లోంచి వచ్చిన, మర్నాడు పార్కింగ్‌ల బండి కింద ఒక నల్ల ప్లాస్టిక్ క్లిప్పు, ఒక చిన్న బోల్టు దొరికినయ్. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే ముందు నుంచి టకటకమని సౌండ్ వస్తుంది. మెకానిక్‌ని అడిగితే ఒకసారి బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు ముక్కలు) అంటడు, ఇంకోసారి షాకప్ (కుదుపులు తగ్గించేది) అంటడు. నేనే చూస్కోవచ్చా? (ఉప్పల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చూస్కోవచ్చు బ్రదర్, ఆ రెండూ పారెయ్యకుండా దాచిపెట్టడం చాలా మంచి పని చేశారు, సగం జవాబు వాటిల్లోనే ఉంది.

ముందు క్లిప్పు సంగతి. గుండ్రటి తల ఉండి నడిమిట్ల పైకి లేచే పిన్ను లాంటిది ఉందంటే అది చక్రం పైన గూడులో ఉండే ప్లాస్టిక్ లైనర్‌ది గానీ, బంపర్ కింది అంచుది గానీ, ఇంజిన్ కింద రేకులా ఉండే కవర్‌ది గానీ అయ్యుంటది. నీళ్లల్లో స్పీడుగా పోతే ఆ ఒత్తిడికి ముందు ఊడేవి ఇవే. స్టీరింగ్ ఫుల్లుగా ఒక పక్కకు తిప్పి, ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫోన్ టార్చ్‌తో చక్రం వెనక చూడండి, క్లిప్పులన్నీ వరసగా ఉండి ఒక్కచోట ఖాళీ రంధ్రం కనిపిస్తది. లైనర్ వేలాడుతూ టైరుకు తగులుతుంటే తగిలినచోట నున్నగా అరిగి మెరుస్తది, మలుపుల్లో సర్రుమని సౌండ్ కూడా వస్తది. పెట్టడం ఈజీనే, పిన్ను పైకి లాగి, క్లిప్పు రంధ్రంలోకి నొక్కి, ఆ తర్వాత పిన్ను లోపలికి నొక్కాలి. తియ్యాలంటే పిన్నును ముందు స్క్రూడ్రైవర్‌తో లేపాలి, క్లిప్పుని పట్టుకుని డైరెక్టుగా లాగితే లోపల పట్టుకుని ఉండే దాని కాళ్లు విరుగుతయ్. విరిగిందైతే పాత ముక్క పట్టుకుని పుత్లీబౌలి స్పేర్ పార్ట్స్ షాపులకు పోండి, రంధ్రం వెడల్పు కూడా స్కేలు పెట్టి కొలుచుకుని పోతే ఇంకా మంచిది.

ఇప్పుడు బోల్టు. దాని తలకు 10 నంబర్ పానా సరిపోతే మర సైజు దాదాపుగా 6 మి.మీ. ఉంటది, ఇలాంటివి బ్యాటరీ క్లాంప్‌కి (బ్యాటరీ కదలకుండా పట్టే పట్టీ), ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి, ఇంజిన్ కింది కవర్‌కి, సైలెన్సర్ వేడి తగలకుండా పెట్టే రేకుకి ఎక్కువ వాడతారు. మర శుభ్రంగా మెరుస్తుంటే ఈమధ్య ఊడిందని, మరల్లో తుప్పు గట్టిపడి ఉంటే అసలు మీ బండిదే కాకపోవచ్చు, పార్కింగ్‌లో ఎవరిదో పడి ఉండొచ్చు. దాని చోటు దొరికాక ముందు వేలితోనే రెండు మూడు చుట్లు తిప్పండి, సాఫీగా ఎక్కితేనే పానా పెట్టండి. వేలికి ఎక్కనిదాన్ని పానాతో బలవంతంగా తిప్పితే మర పోయి ఐదు నిమిషాల పని పెద్ద ఖర్చు అవుతది.

టకటక సౌండ్‌కి సస్పెన్షన్ (చక్రాల దగ్గర కుదుపులు ఆపే భాగాలు) విప్పించే ముందు డిక్కీ ఖాళీ చెయ్యండి, స్టెప్నీ, జాకీ, పానా గట్టిగ బిగించి లేకపోతే అచ్చం సస్పెన్షన్ సౌండే వస్తది. తర్వాత బానెట్ లేపి బ్యాటరీని చేత్తో అటు ఇటు ఊపండి, కదిలిందంటే క్లాంప్ లూజు, ఆ బోల్టు అక్కడిదే అయ్యుండొచ్చు కూడా. బండి నిలబడి ఉండగా కూడా ఇంజిన్ రేస్ చేస్తే రేకు మోగినట్టు గలగలమంటే సైలెన్సర్ దగ్గరి రేకు చూడాలి, కానీ బండి చల్లారాకే చెయ్యి పెట్టండి. ఇవన్నీ గట్టిగా ఉండి కూడా స్పీడ్ బ్రేకర్ మీదే సౌండ్ వస్తుంటే అప్పుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి కలిపే కింది చెయ్యి) బుష్, బాల్ జాయింట్ (ఆ ఆర్మ్ కొసన ఉండే గుండ్రటి కీలు), షాకప్ పైన మౌంటింగ్ (దాన్ని బండికి బిగించే చోటు) చూడాలి, అది ర్యాంపు మీద ఎక్కించి పని తెల్సినోళ్లతో చేయించండి. మీరు ఇవి ముందే చూసి "బ్యాటరీ, స్టెప్నీ చూసిన, అవి కాదు" అని చెప్తే మెకానిక్ కూడా గుడ్డిగా ఒక్కోటి మార్చుకుంటూ పోడు.

ప్రశ్న: షాపుకు పోయి ఎయిర్ ఫిల్టర్ అడిగితే వేరే మోడల్‌ది ఇచ్చారు, రిటర్న్ తీస్కోలేదు. కరెక్టుగా ఎలా అడగాలి? (దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు, బండి మారుతి)

జవాబు: అమ్మా, పేరుతో కాకుండా నంబర్‌తో అడగండి. పాత ఫిల్టర్ అంచు మీదో, దాని డబ్బా మీదో పార్ట్ నంబర్ ఉంటది. మారుతి సుజుకి నంబర్‌లో మొదటి ఐదు అంకెలు అది ఏ వస్తువో చెప్తాయి, 13780 అంటే ఎయిర్ ఫిల్టర్, 16510 అంటే ఆయిల్ ఫిల్టర్, 09తో మొదలైతే బోల్టులు, క్లిప్పుల లాంటి చిన్న సామాను. మిగతా భాగం ఏ మోడల్‌కి అనేది, షాపులో తేడా వచ్చేది అక్కడే, అందుకే మొత్తం నంబర్ ఫోటో తీసుకుని పోవాలి. నంబర్ చెరిగిపోతే ఆర్సీలో 17 అక్షరాల ఛాసిస్ నంబర్ ఉంటది, అది చూపిస్తే కేటలాగ్ ఉన్న షాపువాళ్లు సరైన పార్ట్ తీసిస్తారు. డబ్బులు ఇచ్చే ముందు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పొడవు, వెడల్పు, చుట్టూ ఉండే రబ్బరు అంచు చూస్కోండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఏమేం పనులు సొంతంగా చేస్కోవచ్చు, ఏం ముట్టుకోవద్దు? (కూకట్‌పల్లి)

జవాబు: ఎయిర్ ఫిల్టర్, వైపర్ రబ్బర్లు, బల్బులు, టైర్ల గాలి, బ్యాటరీ టెర్మినల్స్ (వైర్లు తగిలించే కొసలు) క్లీనింగ్, ఇవన్నీ చేస్కోండి. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు మైనస్ చివర. గాలి పొద్దున్నే బండి తియ్యకముందు చూడాలి, ఎంత పెట్టాలో డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉంటది. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత అస్సలు తియ్యొద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతయ్.

జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి దూరడం మాత్రం వద్దండీ, ఎంత చిన్న పనైనా సరే, ఇది ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఆ జాకీ టైరు మార్చడానికే, కిందికి పోవాలంటే బండి బరువు మోసే స్టాండ్లు కావాలి. బ్రేక్ ఆయిల్ లెవెల్ తగ్గితే కూడా పోసేసి ఊరుకోవద్దు, అది తగ్గిందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగినయ్ లేకపోతే ఎక్కడో లీకు ఉంది. నాలుగు చక్రాల లోపలి వైపు తడి ఉందేమో చూడండి, తడి కనిపించినా, పెడల్ మెత్తగా లోపలికి దిగుతున్నా బండి తియ్యకుండా మెకానిక్‌నే సెల్లార్‌కి పిలిపించుకోండి.